కరపత్రానికి పేరుండాలెనట, కోట్ల చందాకు మాత్రం వద్దట!

పోస్టు జర పొడుగుంటది. పొద్దుగూకి, పశువులకు మేతేసినంక తీరుబడిగా చదువుండ్రి.

ఎలక్షన్ల పైసల ముచ్చట వచ్చిందంటే మన దగ్గర రెండే మాటలు వినపడ్తయి. ఒకటి, "ఈసారి ఓటుకు ఎంత?" రెండోది, "జనమే అమ్ముడుపోతున్నరు, లీడర్లను అని ఏం లాభం?" ఈ రెండు మాటల నడుమ అసలు సంగతి పక్కకు పోతున్నది. ఎలక్షన్ల పైసల మీద ఈ దేశంల చట్టాలు మస్తుగున్నయి. ఆ చట్టాలు ఎవలి చేతులు కట్టేసినయి, ఎవలిని ఇడిచిపెట్టినయి అన్నది చూడాలె. నేను చెప్పేది ఒక్కటే. చిన్నోని నోటికి, చిన్నోని జేబుకు తాళం వేసిన్రు. పెద్దోని సంచికి మాత్రం ముడి కూడా వెయ్యలేదు. ఉత్తగ అంటలేను, ఒక్కొక్కటి లెక్కతోని చెప్త.

ముందు మన ఊరి సంగతి. 2025 డిసెంబర్‌ల మూడు విడతల్ల సర్పంచ్ ఎలక్షన్లు అయినయి. 5 వేల లోపు జనాభా ఉన్న ఊర్ల సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర కంటే ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. 5 వేలు దాటిన ఊర్ల రెండున్నర లక్షలు. వార్డు మెంబరుకు చిన్న ఊర్ల 30 వేలు, పెద్ద ఊర్ల 50 వేలు. మీ ఊర్ల ఎంత పారిందో మీకు తెలుసు. నేను అంకె చెప్ప. మీ మనసుల ఉన్న అంకెను, ఈ లక్షన్నరను పక్కపక్కన పెట్టి చూసుకోండ్రి.

ఇగ ఎమ్మెల్యే. 2022 నుంచి మన రాష్ట్రంల అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు. చదవనీకి మంచిగనే ఉన్నది. కానీ ఈ పరిమితి అభ్యర్థికే. పార్టీకి లేదు. అవును, మీరు సరిగనే చదివిన్రు. ఒక పార్టీ రాష్ట్రం మొత్తం మీద వంద కోట్లు పెట్టినా, వెయ్యి కోట్లు పెట్టినా అడ్డం పెట్టే చట్టం ఇప్పటికీ లేదు. పేపర్ల ఫస్ట్ పేజీ నిండ ప్రకటనలు, టీవీల పాటలు, ఫోన్ల వచ్చే వీడియోలు, హెలికాప్టర్లు, ఇవన్నీ పార్టీ ఖాతాల పోతయి. స్టార్ క్యాంపెయినర్లని పెద్ద పార్టీలకు 40 మంది దాకా పేర్లు ఇచ్చుకునే వీలున్నది. వాళ్ల తిరుగుడు ఖర్చు అభ్యర్థి లెక్కల రాదు. ఒక తూముకు తాళమేసి, పక్కన కట్టకు గండి కొట్టినట్టు.

ఈ గండి ఎప్పుడు పడ్డదో కూడా తెలుసుకోవాలె. 1971 ఎలక్షన్ల ఢిల్లీ సదర్ నియోజకవర్గం మీద ఒక కేసు నడిచింది. కన్వర్‌లాల్ గుప్తా అనే ఆయన, గెలిచిన అమర్‌నాథ్ చావ్లా పరిమితి దాటి ఖర్చు పెట్టిండని సుప్రీంకోర్టు దాకా పోయిండు. 1974 అక్టోబర్ మొదట్ల కోర్టు తీర్పు చెప్పింది. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలనే కలపాలె అన్నది. న్యాయమైన మాట. మరి ఢిల్లీల ఉన్న సర్కారు ఏం చేసింది? అదే నెల తిరగకముందే ఆర్డినెన్స్ తెచ్చింది. పార్టీ, మిత్రులు పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కల రాదని రాసుకున్నది. 2003ల దాన్ని కొంత దిద్దిన్రు గని, పార్టీ మొత్తం ఖర్చుకు పరిమితి మాత్రం ఇయ్యాల్టి దాకా రాలేదు. మన పాసుబుక్కుల ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దించుకోనీకి ఏండ్లు తిరుగుతున్నం. వాళ్లకు ఇబ్బందైన తీర్పును వారాల్లనే దిద్దుకున్నరు.

ఇగ చిన్నోని దగ్గరికి వద్దాం.

2023 అసెంబ్లీ ఎలక్షన్లకు అక్టోబర్ 9న షెడ్యూలు వచ్చింది, నవంబర్ 30న ఓట్లు పడ్డయి. పార్లమెంటుకు 2024 మే 13న ఓట్లేసినం. ఒక్కసారి పంటల లెక్కన చూడుండ్రి. అక్టోబర్, నవంబర్ అంటే పత్తి ఏరుడు, వానకాలం వడ్లు కోసుడు. ఏప్రిల్, మే అంటే యాసంగి వడ్లు, మిర్చి. రైతు చేతికి ఏడాదికి రెండు మార్లు పైసలొస్తయి. ఆ రెండు మార్లూ రోడ్డు మీద చెక్‌పోస్టులే ఉన్నయి. ఐకేపీల అమ్మిన వడ్ల పైసలు బ్యాంకుల పడ్తయి, సరే. పత్తి ప్రైవేటుకు అమ్మినోడు, మిర్చి అమ్మినోడు, ఎడ్లు, బర్లు అమ్మినోడు నోట్లే పట్టుకొస్తడు. కూలీలకు ఇచ్చేటివి నోట్లే, కౌలు కట్టేది నోట్లే. 50 వేలు దాటితే కాగితం చూపియ్యమంటరు. బిడ్డ పెండ్లికి బంగారం కొననీకి పోయేటోడు, దవాఖానకు పోయేటోడు, అందరూ అదే లైన్ల నిలబడాలె.

అసలు రూలు ఏం రాసి ఉన్నదో తెలుసా? ఎలక్షన్ కమిషన్ ఇచ్చిన పద్ధతి ప్రకారం, అభ్యర్థి గని, ఆయన ఏజెంటు గని, పార్టీ కార్యకర్త గని ఉన్న బండిల, లేదంటే ప్రచార సామాన్లున్న బండిల 50 వేలకు మించి దొరికితే సీజ్ చెయ్యాలె. రూలు వాళ్ల కోసం రాసిన్రు. రోడ్డు మీద మాత్రం అది బైకు మీద తక్‌పట్టీ మర్చిపోయి వచ్చిన రైతు దాకా వచ్చింది. 2023 ఎలక్షన్లప్పుడు నవంబర్ 20 నాటికే తెలంగాణల 659 కోట్ల విలువైన నగదు, మద్యం, బంగారం, ఇతర సామాను పట్టుకున్నమని ఎలక్షన్ కమిషన్ చెప్పింది. 2018ల అది 104 కోట్ల లోపే. ఆరింతలు పెరిగింది. మంచిదే, పట్టుకోండ్రి. కానీ ఇంత పట్టుకున్నా ఊర్లకు రావాల్సిన పైసలు ఆగినయా? మీ వాడకు రాలేదా? ఆగనిది ఆగలేదు, ఆగాల్సిన అవసరం లేనోడు మాత్రం ఎండల నిలబడ్డడు.

ఒక పనికొచ్చే మాట ఇక్కడనే చెప్త, గుర్తు పెట్టుకోండ్రి. మీ పైసలు పట్టుకుంటే రసీదు అడగాలె. ప్రతి జిల్లాల ముగ్గురు అధికారుల కమిటీ ఉంటది. జిల్లా ట్రెజరీ అధికారి, ఎన్నికల ఖర్చు చూసే నోడల్ అధికారి అందుల ఉంటరు. ఎఫ్ఐఆర్ లేకుంటే, ఏ అభ్యర్థితోని సంబంధం లేకుంటే, ఆ కమిటీ పైసలు వాపస్ ఇయ్యాలె. పోలింగ్ అయినంక 7 రోజులకు మించి ఆపొద్దు. తక్‌పట్టీ, బ్యాంకు పాసుబుక్కు, పశువుల సంత చిట్టీ, ఏది ఉంటే అది జేబుల పెట్టుకొని పోండ్రి.

పైసల తాళం అయిపోయింది. ఇగ నోటి తాళం.

అనుకోండ్రి, మీ ఊర్ల ఒక మంచోడు ఏ పార్టీ లేకుండ నిలబడ్డడు. మీకు ఆయన మీద నమ్మకం. మీ సొంత 2 వేలు పెట్టి, ఆయనను అడగకుండనే, "మన చెరువు కోసం కొట్లాడిన మనిషి, ఈయనకు ఓటేద్దాం" అని కరపత్రం అచ్చేయించి పంచిన్రు. ఇది నేరం. అభ్యర్థి రాసిచ్చిన అనుమతి లేకుండ ఆయన గెలుపు కోసం మీటింగు పెట్టినా, కరపత్రం వేసినా, ఇంకేవిధంగ ఖర్చు చేసినా శిక్ష ఉన్నది. ఇంగ్లీషోళ్ల కాలంల ఐపీసీల పెట్టిన 171హెచ్ సెక్షన్ అది. అప్పుడు జుర్మానా 500. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అండ్ల అదే సెక్షన్ 176 నంబరు మీద కూసున్నది. జుర్మానాను 10 వేలు చేసిన్రు. ఒక చిన్న మినహాయింపు ఉన్నది. మీరు పెట్టిన ఖర్చు 10 రూపాయలు దాటకుంటే, పది రోజుల్ల అభ్యర్థి దగ్గర రాయించుకుంటే మాఫీ. పది రూపాయలు! జుర్మానా 500 నుంచి 10 వేలకు పెంచనీకి గుర్తున్నది, ఈ పది రూపాయలను పెంచనీకి మాత్రం ఎవలికీ గుర్తు రాలేదు. ఇయ్యాల పది రూపాయలకు ఒక చాయ్ వస్తది. అంటే మన దేశంల రైతు అనుమతి లేకుండ ఎలక్షన్ల మాట్లాడనీకి చట్టం ఇచ్చిన బడ్జెట్ ఒక చాయ్.

ఇంకోటి. ఎలక్షన్ కరపత్రం మీద అచ్చేసినోని పేరు, వేయించినోని పేరు, అడ్రసు తప్పకుండ ఉండాలె. లేకుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ కింద 6 నెలల దాకా జైలు, లేదా 2 వేల దాకా జుర్మానా, లేదా రెండూ. నేను ఈ రూలును తప్పంటలేను. అనామక కరపత్రాలతోని ఎంత బురద చల్లుకుంటరో చూసినోళ్లమే. మాట్లాడేటోడు పేరు చెప్పాలె. ఒప్పుకుంట. టీవీల ప్రకటన వెయ్యాలంటే ముందుగాల కమిటీ దగ్గర అనుమతి తీసుకోవాలె. దానికి పార్టీలు, అభ్యర్థులు 3 రోజుల ముందు దరఖాస్తు పెడితే చాలు, మనసోంటోళ్లు 7 రోజుల ముందు పెట్టాలె. అది కూడా పోనియ్యండ్రి.

కానీ అడిగేది ఇది. రైతు వేసే రూపాయి కరపత్రానికి పేరు కావాలంటే, పార్టీకి కోట్లు ఇచ్చేటోనికి పేరెందుకు వద్దన్నరు?

2017 బడ్జెట్ చట్టంతోని ఎలక్టోరల్ బాండ్లకు దారి తీసిన్రు, 2018 జనవరిల స్కీము వచ్చింది. ఎస్‌బీఐల బాండు కొనాలె, పార్టీకి ఇయ్యాలె. ఎవలు ఎవలికి ఎంత ఇచ్చిన్రో జనానికి చెప్పక్కరలేదు. అంతకుముందు కంపెనీలకు ఒక కట్టడి ఉండేది, మూడేండ్ల సగటు లాభంల ఏడున్నర శాతం కంటే ఎక్కువ చందా ఇయ్యొద్దని. దాన్ని కూడా తీసేసిన్రు. నష్టాల్ల ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇయ్యొచ్చన్నమాట. వెయ్యి రూపాయల బాండు కూడా ఉండేది, సామాన్యుని కోసమని. కానీ అమ్ముడుపోయిన విలువల మూడు వంతుల కంటే ఎక్కువ కోటి రూపాయల బాండ్లే. మనల ఎవలు కొన్నరు చెప్పుండ్రి?

ఏడీఆర్ అనే సంస్థ, ఇంకొందరు కోర్టుకు పోయిన్రు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి ఈ స్కీమును కొట్టేసింది. ఏ కారణం మీద కొట్టేసిందన్నదే మనకు ముఖ్యం. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం, అంటే మాట్లాడే స్వేచ్ఛ. ఓటు కూడా ఒక మాటనే. ఎవలి పైసలతోని ఎవలు నిలబడ్డరో తెలియకుండ వేసే ఓటు, కండ్లు మూసుకొని వేలిముద్ర వేసినట్టు. అందుకే తెలుసుకునే హక్కు మాట్లాడే హక్కులనే భాగం అని కోర్టు చెప్పింది. కంపెనీల మీద తీసేసిన కట్టడిని కూడా తప్పని తేల్చింది. లెక్కలు ఇయ్యుమంటే ఎస్‌బీఐ జూన్ 30 దాకా టైం అడిగింది. మన క్రాప్‌లోను వడ్డీ ఒక్కరోజు ఆలస్యమైనా లెక్క తీసే బ్యాంకు, ఈ లెక్కకు నెలల గడువు అడిగింది. మార్చి 11న కోర్టు ఒప్పుకోలేదు, మరునాడే లెక్క ఎలక్షన్ కమిషన్ చేతికి వచ్చింది!

ఏం వచ్చింది ఆ లెక్కల? 2019 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా చూస్తే బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, మన బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు. దేశమంతట తిరిగే పార్టీల పక్కన, ఒక్క రాష్ట్రం పార్టీ నాలుగో నంబరుల ఉన్నది. బాండ్లు కొన్న కంపెనీల్ల రెండో నంబరు మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్, సుమారు 966 కోట్లు. అండ్ల బీజేపీకి 580 కోట్లకు పైన, బీఆర్ఎస్‌కు 195 కోట్లు పోయినయి. మిగిలింది డీఎంకే, వైసీపీ, టీడీపీ, కాంగ్రెస్, ఇట్ల అందరికీ కొంత కొంత. గెలిచేటోడు, ఓడేటోడు అని చూడకుండ అన్ని మళ్లకు నీళ్లు పెట్టిన్రు.

భూపాలపల్లి రైతులకు ఈ పేరు కొత్త కాదు. మహదేవపూర్ దిక్కు కన్నెపల్లి పంపుహౌసు కట్టింది ఈ కంపెనీయే. 2022 జులై వరదల ఆ పంపుహౌసు మునిగింది. దానికి కొంత దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ వేరే కంపెనీ కట్టింది, దాని పిల్లర్లు 2023 అక్టోబర్ 21న కుంగినయి. నవంబర్ 30న మనం ఓట్లేసినం. ఆ ఎలక్షన్ల కాళేశ్వరం మీద మాట్లాడని లీడరు లేడు. పొగిడినోడు పొగిడిండు, తిట్టినోడు తిట్టిండు. కానీ ప్రాజెక్టు పనులు చేసిన కంపెనీ ఏ పార్టీకి ఎంత చందా ఇచ్చిందో మైకు పట్టుకొని చెప్పినోడు ఒక్కడు లేడు. ఓటేసే మనకు తెలిసే దారి లేకుండె. ఆ అంకెలు బయటికొచ్చింది 2024 మార్చిల. ఓటేసిన నాలుగు నెలలకు!

చందా ఇచ్చినందుకే పని దొరికిందని నేను అంటలేను. దానికి సాక్ష్యం నా దగ్గర లేదు, అది తేల్చేది విచారణ చేసేటోళ్లు, కోర్టులు. నేను అనేది అంతకంటే చిన్న మాట, గట్టి మాట. ఓటేసే నాడు నాకు తెలవాల్సింది నాకు తెలవనియ్యలేదు. గుత్తేదారు ఎవలికి ఎంత ఇచ్చిండో తెలిసి ఉంటే నేను ఓటు మార్చుకునేటోన్నో లేదో, అది నా ఇష్టం. తెలవకుండ చేసుడు మాత్రం నా నోరు మూసుడే.

"బాండ్లు పోయినయి గద, ఇంకేంది బాధ?" అనొచ్చు. బాండ్లు పోయినయి, పైసలు పోలేదు. ఎలక్టోరల్ ట్రస్టులని ఇంకో దారి 2013 నుంచే ఉన్నది. కంపెనీలు ట్రస్టుకు ఇస్తయి, ట్రస్టు పార్టీలకు ఇస్తది. పేర్లు బయటికొస్తయి, బాండ్ల కంటే నయమే. కానీ ఎప్పుడు వస్తయి? ఆర్థిక సంవత్సరం ముగిసి, లెక్కలు దాఖలు చేసినంక. అది గూడ 20 వేలకు మించి ఇచ్చినోళ్ల పేర్లే. అంటే నవంబర్‌ల ఓట్లు పడితే, ఎవలి చందా ఎంతో ఆ ఏడాది దాటినంక గని తెలవది. విత్తనం మొలవదని కోతల టైముకు చెప్పినట్టు.

ఇప్పుడు ఎదురు వాదన చేసేటోళ్ల మాట కూడా ఇనాలె.

ఒకాయన అంటడు, "1,214 కోట్లు వచ్చిన పార్టీ 2023ల ఓడిపోయింది గద? మరి పైసలు గెలిపిస్తయని ఎట్లంటవ్?" మంచి ప్రశ్న. పైసలే గెలిపిస్తయని నేను అంటలేను. జనం తలుచుకుంటే ఎంత సంచినైనా పడగొడ్తరు. కానీ ఎవలు నిలబడాల్నో, ఏం మాట్లాడాల్నో పైసలే తేలుస్తున్నయి. టికెట్ అడగనీకి పోతే మొదటి ప్రశ్న ఎంత పెట్టుకుంటవనే. కౌలు రైతు ఎవడైనా ఎమ్మెల్యే టికెట్ అడిగే ధైర్యం చేస్తడా? గెలిచినోడు, ఓడినోడు ఇద్దరూ ఒకే జీతగాండ్లైతే, మనం మార్చింది జెండానే.

ఇంకొకాయన అంటడు, "పైసలు పెట్టుకునుడు కూడా మాట్లాడే స్వేచ్ఛే, దానికి పరిమితి పెట్టొద్దు." అమెరికాల ఇదే వాదన గెలిచింది. 1976ల బక్లీ కేసుల అభ్యర్థి ఖర్చుకు పరిమితి చెల్లదని వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. 2010ల సిటిజన్స్ యునైటెడ్ కేసుల కంపెనీలు కూడా స్వతంత్రంగ ప్రచారానికి ఎంతైనా పెట్టొచ్చన్నది. అప్పటి నుంచి అక్కడ కోటీశ్వరుల కమిటీలు ఎలక్షన్లను నడుపుతున్నయి. ఒకడు మైకు సెట్టు పెట్టుకొని ఊరంత మోగిస్తుంటే, పక్కన ఉత్త నోటితోని మాట్లాడేటోని మాట ఎవలికి ఇనపడ్తది? ఇద్దరికీ స్వేచ్ఛ ఉన్నదనుడు కాగితం మీదనే. కానీ ఆ వాదనల ఒక నిజమున్నది, దాన్ని మనం తీసుకోవాలె. తన మాట చెప్పనీకి నాలుగు పైసలు పెట్టుకునే సామాన్యుని మీద కేసు పెట్టుడు తప్పు. మన చట్టం అమెరికాకు ఉల్టా కూడా కాదు. పెద్దోనికి అమెరికా స్వేచ్ఛ, చిన్నోనికి ఇంగ్లీషోళ్ల సెక్షను. రెండు దిక్కుల చెడ్డదే తెచ్చుకున్నం.

చిన్నోడు ఎలక్షన్ల మాట్లాడితే ఏమైతదో మన పక్క జిల్లానే సాక్ష్యం. 1996ల నల్లగొండ పార్లమెంటు స్థానంల 480 మంది పోటీ పడ్డరు. ఎందుకు? ఫ్లోరైడు నీళ్లు తాగి వంకర్లు పోయిన జనం, తమ గోస దేశానికి చెప్పనీకి నామినేషన్లు వేసిన్రు. అప్పుడు డిపాజిట్ 500. బ్యాలెట్టు పేపరు పుస్తకమంత అయింది, దేశమంత నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది. దానికి జవాబుగ ఢిల్లీ ఏం చేసింది? నీళ్లు ఇయ్యకముందే చట్టం మార్చింది. అదే ఏడాది ఎంపీ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచింది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, మిగతావాళ్లకు పది మంది కావాలని పెట్టింది. తర్వాత డిపాజిట్ 25 వేలు చేసిన్రు.

అయినా ఆగిన్రా? 2019ల నిజామాబాద్‌ల పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్ వేసి నిలబడ్డరు. మొత్తం 185 మంది అభ్యర్థులు. 25 వేల డిపాజిట్ పోతదని తెలిసే కట్టిన్రు, ఊర్ల చందాలు వేసుకున్నరు. గెలుస్తమని కాదు, పసుపు బోర్డు, మద్దతు ధర మాట దేశానికి ఇనిపియ్యాలని. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయింది. 2025 జనవరిల పసుపు బోర్డు నిజామాబాద్‌ల మొదలైంది. అది ఎంత పనిచేస్తదన్నది వేరే ముచ్చట. పేర్లు చెప్పి, రసీదు తీసుకొని, ఊరందరి ముందర రైతులు పెట్టిన పైసలు అవి. స్వేచ్ఛ అంటే గది. దానికి డిపాజిట్ పెంచి గోడ కట్టిన్రు. చాటుకు ఇచ్చే కోట్లకు మాత్రం దొడ్డిదారి తెరిచిన్రు.

ఇగ మన తప్పు ముచ్చట. ఓటుకు పైసలు. 2019ల మానుకోట పార్లమెంటు ఎలక్షన్లప్పుడు బూర్గంపాడు దగ్గర ఓటర్లకు 500 చొప్పున పంచిన కేసుల, 2021 జులైల హైదరాబాద్ ప్రత్యేక కోర్టు అప్పటి మన ఎంపీకి 6 నెలల జైలు, 10 వేల జుర్మానా వేసింది. పైకోర్టుకు పోనీకి అప్పుడే బెయిలు కూడా ఇచ్చింది. ఆ కేసు ఒక్క పార్టీ మీదనే పడ్డది గని, పంచేది ఒక్క పార్టీ కాదని మనందరికీ తెలుసు. చట్టం ప్రకారం ఇచ్చినోనికి, తీసుకున్నోనికి ఇద్దరికీ ఏడాది దాకా జైలు ఉన్నది. తీసుకునుడు తప్పే. కానీ ఆ 500 వెనుక ఉన్న సంచి ఎవలిదని అడగకుండ, తీసుకున్న ముసలమ్మను తిట్టుడు నాకు నచ్చదు. ఆ సంచి ఎక్కడ నిండిందో చూడనీకి దారి కావాలె. 500 ఇచ్చినోడు ఐదేండ్లు తిరిగి చూడడు, సంచి నింపినోనికి మాత్రం తెల్లారే అపాయింట్‌మెంట్ దొరుకుతది.

మరి ఏం కావాలె? నా లెక్కన ఐదు.

1. అభ్యర్థికి ఉన్నట్టే పార్టీకి కూడా ఎలక్షన్ ఖర్చు పరిమితి పెట్టాలె. 1974ల కొట్టిన గండి పూడ్చాలె.

2. చందాలు ఇచ్చిన కంపెనీల పేర్లు పోలింగుకు ముందే, వారం వారం బయట పెట్టాలె. ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్న కంపెనీ అయితే ఆ సంగతి పక్కనే రాయాలె.

3. భారతీయ న్యాయ సంహిత 176ల పది రూపాయల ముచ్చట తీసేసి, సామాన్య ఓటరు తన పేరు పెట్టుకొని 20 వేల దాకా సొంతంగ ప్రచారం చేసుకోనియ్యాలె. పార్టీకి 20 వేల దాకా ఇచ్చినోని పేరు అడగనోళ్లు, మనం పేరు చెప్పి పెడ్తమంటే ఎందుకు పట్టుకోవాలె?

4. పంట అమ్మిన తక్‌పట్టీ చూపితే చెక్‌పోస్టుల ఆపొద్దు. తక్‌పట్టీ లేని కల్లం కాడి అమ్మకాలకు పంచాయతీ సెక్రటరీ లేదా ఏఈఓ కాగితం చెల్లాలె.

5. డిపాజిట్ గోడ తగ్గించాలె. 480 మంది నిలబడ్తరని భయమైతే వాళ్ల నీళ్ల గోస తీర్చాలె, గోడ కట్టుడు కాదు.

ఇవన్నీ అసెంబ్లీ, పార్లమెంటు చెయ్యాల్సిన పనులు. బాండ్లు తిన్న పార్టీలే చెయ్యాలె కాబట్టి తొందర పడరు. అందుకే మనం రేపే చెయ్యగలిగేది ఒకటి చెప్త.

ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థులు గెలిచినా ఓడినా, ఫలితాలొచ్చిన 30 రోజుల్ల ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇయ్యాలె. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్ల 88వ నియమం ఉన్నది. దాని ప్రకారం ఎవలైనా సరే, ఒక్క రూపాయి ఫీజు కట్టి ఆ లెక్క చూడొచ్చు. వేరే ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు. సర్పంచ్, వార్డు అభ్యర్థులైతే 45 రోజుల్ల ఎంపీడీఓ ఆఫీసుల ఇయ్యాలె, ఇయ్యకుంటే మూడేండ్లు పోటీకి పనికిరారు. ఎంతమంది ఇచ్చిన్రు? ఇచ్చిన కాగితంల ఏం రాసిన్రు? టెంటు ఎన్ని, బండ్లు ఎన్ని, భోజనాలు ఎన్ని? మన ఊర్ల మనం తిన్న భోజనాలు మనకు లెక్క ఉంటయి గద. కాగితం మీద ఇరవై ప్లేట్లు రాసి ఉంటే, ఊరంతా సాక్ష్యమే.

పార్టీ ఏదైనా కానీ, నీ పార్టీ నాయకుని లెక్కనే నువ్వు ముందు చూడు. వేరేటోని లెక్క చూసుడు రాజకీయం. సొంతోని లెక్క అడుగుడే పౌరుని పని. మండలానికి ఇద్దరు రైతులు ఆఫీసుకు పోయి కాగితం చూసొస్తే చాలు. చూసినోళ్లు కామెంట్ల మీ మండలం పేరు పెట్టి, అండ్ల ఏం రాసి ఉన్నదో ఉన్నదున్నట్టు రాయుండ్రి. తిట్లొద్దు, వ్యక్తుల ఇండ్ల ముచ్చట్లు వద్దు, లెక్కలే కావాలె. ఆఫీసుల కాగితం చూపియ్యమంటే చూపియ్యలేదా, అది కూడా తారీకుతోని రాయుండ్రి. అన్నీ కలిపి ఒక్కకాడ పోస్టు పెడ్త.

పోస్టు నచ్చితే మీ ఊరి గ్రూపుల షేర్ చెయ్యుండ్రి. నా వాదన నచ్చకుంటే ఎక్కడ నచ్చలేదో చెప్పుండ్రి, జవాబిస్త. జేబుల ఒక రూపాయి బిళ్ల మాత్రం ఉంచుకోండ్రి, ఆఫీసుల చిల్లర లేదంటరు.

జై కిసాన్.